కాత్యాయని వాటా

యాజ్ఞవల్క్య మహర్షికి ఇద్దరు భార్యలు. మైత్రేయి, కాత్యాయని. ఇల్లూ వాకిలీ విడిచి వెళ్లిపోదామనుకున్న రోజున ఆయన మైత్రేయిని పిలిచి, ఉన్న ఆస్తి మీ ఇద్దరికీ పంచి వెళతానన్నాడు. భూమ్మీద ధనమంతా నాదైనా దానివల్ల అమృతత్వం వస్తుందా అని అడిగిందావిడ. రాదు, కలిగినవాళ్ల బతుకులాగా నీ బతుకూ సాగిపోతుంది, అంతేనన్నాడాయన. అయితే నాకా ఆస్తి వద్దు, మీకు తెలిసిన ఆ జ్ఞానమేదో చెప్పండి అంది మైత్రేయి. బృహదారణ్యకోపనిషత్తులోని ఈ కథని పురాణ కాలక్షేపాల్లోనూ, కాలేజీ ఉపన్యాసాల్లోనూ విననివాళ్లు మనలో తక్కువ.

మరి కాత్యాయని సంగతేమిటి? ఆవిడ ఏమంది? తన వాటా తను తీసుకుందా? తీసుకుని ఏం చేసింది? ఉపనిషత్తు చెప్పలేదు. ఆడవాళ్లకు తెలిసే పాటి తెలివి గల మనిషి అని ఒక్క ముక్కతో సరిపెట్టేసింది. నాకైతే ఆవిడంటే ఎప్పుడూ జాలే. జనక మహారాజు సభలో గెలిచి ఆయన తోలుకొచ్చిన వెయ్యి ఆవులకి మేత వేయించి, చూడి ఆవుని కనిపెట్టుకుని, వచ్చినవాళ్లకి వండి వార్చింది ఆవిడే అయి ఉంటుందని నా అనుమానం. అలాంటి మనిషి తన వాటా అడిగి పుచ్చుకుంటే తప్పా? ఇంకో మాట. అంతటి విరాగి కూడా ఆడవాళ్ల బతుకు సంగతి ముందు తేల్చి, ఆ తర్వాతే గడప దాటాలనుకున్నాడు. ఆ విషయం మీద ఎవరూ ఉపన్యాసం ఇవ్వగా నేను వినలేదు.

ఈ కాత్యాయని గొడవ ఇప్పుడెందుకంటారా? మాదాపూర్‌లోనూ, కొండాపూర్‌లోనూ, గచ్చిబౌలిలోనూ నాకు తెలిసిన ఎందరో ఉద్యోగినుల మనసుల్లో ఈ ప్రశ్నే నలుగుతోంది కనుక. ఆడది తన ముసలితనం కోసం తనకంటూ నాలుగు డబ్బులు వెనకేసుకోవడం ముందుచూపా, స్వార్థమా?

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అప్పట్లో చుట్టూ బండరాళ్లూ, తుప్పలూ. ఆ రోజుల్లో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల ఆడపిల్లలు గుంటూరు నుంచీ, వరంగల్లు నుంచీ, కాకినాడ నుంచీ, కరీంనగర్ నుంచీ వచ్చి, అమీర్‌పేట హాస్టళ్లలో ముగ్గురేసి ఒక గదిలో సర్దుకుని, కంప్యూటరు కోర్సులు చదివి ఉద్యోగాల్లో చేరారు. వాళ్లకిప్పుడు యాభై దగ్గర పడుతోంది. తెలుగు మధ్యతరగతి ఇళ్లలోంచి ఇంతమంది ఆడవాళ్లు, ఇంత పెద్ద జీతాలు, ఒకే చోట సంపాదించడం అంతకుముందు లేదు. వాళ్ల తల్లుల్లో ఉద్యోగం చేసినవాళ్లు టీచర్లుగానో, బ్యాంకుల్లోనో, టెలిఫోన్సులోనో చేశారు. వాళ్లకి నెల తిరిగేసరికి పెన్షను వస్తుంది. ఈ పిల్లలకి ఆ దారి లేదు. ప్రావిడెంట్ ఫండ్‌తో పాటు వచ్చే పెన్షను ఉంది కదా అంటారేమో. 2014లో పెట్టిన పరిమితి ప్రకారం దానికి లెక్కలోకి వచ్చే జీతం 15,000 మాత్రమే. అసలు జీతం రెండు లక్షలు కానివ్వండి, ముప్ఫై అయిదేళ్ల సర్వీసుకి ఆ లెక్కన వచ్చేది నెలకి 7,500. ఆ సంవత్సరం సెప్టెంబరు తర్వాత అంతకన్నా పెద్ద జీతంతో కొత్తగా చేరినవాళ్లకి అదీ లేదు. పైగా ఈ కంపెనీల్లో అరవై దాకా ఉండనిస్తారన్న భరోసా ఎవరికీ లేదు. 2023లో ఉద్యోగాలు ఊడినప్పుడు అది అందరం చూశాం.

అయినా ఇంత సంపాదించినవాళ్లకి ఏం తక్కువ అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఒక పద్ధతి గమనించాను. ఎవరూ కూర్చుని నిర్ణయించిన పద్ధతి కాదు, దానంతటదే వచ్చేస్తుంది. ఆయన జీతం ఫ్లాటు వాయిదాలకీ, స్థలానికీ, షేర్లకీ పోతుంది. ఆవిడ జీతం పాలకీ, కూరలకీ, పిల్లల స్కూలు ఫీజులకీ, పనిమనిషికీ, అత్తగారి మందులకీ, పెళ్లిళ్ల చదివింపులకీ పోతుంది. ఇద్దరూ సమానంగానే ఖర్చుపెట్టారు, ఇద్దరూ ఇంటికోసమే పెట్టారు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత బీరువా తెరిస్తే ఆయన డబ్బు కాగితాల రూపంలో ఉంటుంది. ఆవిడ డబ్బు తిన్న అన్నంలోనూ, పాసైన పరీక్షల్లోనూ కలిసిపోయి ఉంటుంది. ఆ కాగితాల మీద ఎవరి పేరుందో చూడమంటే, "ఛ, మా మధ్య అలాంటి లెక్కలు లేవండీ" అంటుంది ఇల్లాలు. లెక్కలు లేకపోవడం మంచిదే. కానీ రిజిస్ట్రారు ఆఫీసులో లెక్క ఉందే!

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. స్త్రీధనం అన్న మాట మన పెద్దలకి బాగా తెలుసు. అయితే అందులో ఒక తిరకాసు ఉంది. కాత్యాయన స్మృతి అని ఒకటుంది (పేరు కలిసింది గానీ మన కాత్యాయనికీ దానికీ చుట్టరికం లేదు). పెళ్లిలో అగ్నిసాక్షిగా ఇచ్చినదీ, పుట్టింటివాళ్లు పెట్టినదీ ఆడదాని సొత్తేనట. కానీ ఆవిడ తన చేతిపనితో సంపాదించుకున్నది మాత్రం భర్త అధీనమట! ఇచ్చింది నీది, సంపాదించింది నీది కాదు. ఎంత చిత్రం! 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆ మాట కొట్టేసింది. ఆడది తన నేర్పుతో, కష్టంతో సంపాదించుకున్నదానికి ఆవిడే సంపూర్ణ హక్కుదారు అని స్పష్టంగా చెప్పింది. చట్టం మారి డెబ్బై ఏళ్లవుతోంది. మన మనసుల్లో మాత్రం ఇంకా పాత స్మృతే నడుస్తోంది. బంగారం నాది, జీతం ఇంటిది. ఒంటి మీది గొలుసు తాకట్టు పెట్టాలంటే ఇంట్లో అందరూ మొహమాట పడతారు. జీతం ఖాళీ అయితే ఎవరూ పడరు.

తనకంటూ విడిగా దాచుకోమని సలహా ఇస్తే నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. "అంటే మా ఆయన్ని నమ్మొద్దంటారా?" నమ్మండి తల్లీ, నిక్షేపంలా నమ్మండి. నేను మాట్లాడేది ఆయన గుణం గురించి కాదు, ఆయన వయసు గురించి. మన ఇళ్లలో మొగుడు పెళ్లానికన్నా నాలుగైదేళ్లు పెద్ద. ఆడవాళ్ల ఆయుర్దాయం సగటున మగవాళ్లకన్నా రెండు మూడేళ్లు ఎక్కువ. రెండూ కలిపితే, రాముడిలాంటి మొగుడున్న ఇల్లాలు కూడా చివర ఓ ఆరేడేళ్లు ఒంటరిగా బతకవలసి రావచ్చు. ఇది అనుమానం కాదు, కూడిక. పైగా ఆ ఏళ్లు మోకాళ్లు పట్టేసే ఏళ్లు, కళ్లు మసకబారే ఏళ్లు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోయి ఉంటుంది. మనల్ని ప్రేమించే మనిషైతే, ఆ రోజుల్లో మనం ఎలా ఉంటామన్న ఆలోచన ఆయనకీ ఉంటుంది. యాజ్ఞవల్క్యుడికి ఉన్నట్టే.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. "పిల్లలకి పెట్టకుండా నాకని దాచుకుంటే తల్లినెలా అవుతాను?" ఈ మాట అన్నవాళ్లని నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. మనందరం తల్లుల త్యాగం మీద పెరిగినవాళ్లమే. అయితే మన అమ్మమ్మలు ఇంకో మాట కూడా అనేవారు. తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం. ఎంత నికార్సయిన మాటో చూడండి. ధర్మాన్ని బేరంతో పోల్చారు. లాభం లేకపోయినా వర్తకుడు రేపు మళ్లీ కొట్టు తెరుస్తాడు, అసలే పోతే ఏం తెరుస్తాడు? అమ్మమ్మలు దానం వద్దనలేదు. పోపులడబ్బాలో నాలుగు రూపాయలు అట్టేపెట్టుకుని, ఆ తర్వాతే దానం చేశారు.

నిజానికి అంతా ఇచ్చేసిన తల్లి ఇచ్చింది దానమేనా? నాకో అనుమానం. చేతిలో ఏమీ మిగుల్చుకోకుండా ఇచ్చింది ఇచ్చినవాళ్లకి తెలియకుండానే అప్పుగా మారిపోతుంది. దానికి వడ్డీ కూడా ఉంటుంది. ఫోన్ చెయ్యలేదన్న నిష్ఠూరం, కోడలు మారిపోయిందన్న బాధ, నీకోసం ఎంత చేశానో అన్న కంటతడి. కొడుకు డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండి నెలనెలా డబ్బు పంపుతాడు, పంపుతూనే మనసులో లెక్క వేసుకుంటాడు. తల్లి పుచ్చుకుంటుంది, పుచ్చుకుంటూనే చిన్నబుచ్చుకుంటుంది. ఇద్దరూ మంచివాళ్లే. మధ్యలో ఆ డబ్బు కూర్చుని ప్రేమని ప్రేమలాగా ఉండనివ్వడం లేదు. తన ఖర్చు తను పెట్టుకునే తల్లి ఇంటికి పిల్లలు రావాలనిపించి వస్తారు. రావలసి వచ్చి రారు.

అలాగని ప్రతి ఖర్చునీ ఈ త్రాసులో తూచమనను. పిల్లవాడికి ఆపరేషను, తండ్రికి గుండెజబ్బు వచ్చిన రోజున ముసలితనం లెక్క ఎవరికి గుర్తుంటుంది? ఉండకూడదు కూడా. నేననేది మిగతా రోజుల సంగతి. నలుగురూ చూడాలని చేసే పెళ్లి, ఎదురింటివాళ్లు చేయించారని మనమూ చేయించే చెక్కపని, ఇవి త్యాగం ఖాతాలో రాసుకోవలసినవి కావు.

బి.ఏ.లో నేను చదివింది చరిత్ర, సాహిత్యం. అయినా ఇది వంటింటి లెక్కే కనుక చెబుతాను. నెలకి పదివేలు చొప్పున దాస్తూ, ఏడాదికి 8 శాతం రాబడి వస్తుందనుకుందాం. ఇరవై అయిదో ఏట మొదలుపెట్టిన అమ్మాయికి యాభై అయిదో ఏటికి సుమారు కోటీ 49 లక్షలవుతుంది. ముప్ఫై అయిదో ఏట మొదలుపెడితే 59 లక్షలు. నలభై అయిదో ఏట అయితే 18 లక్షలు. మొదటి పదేళ్లలో ఆ అమ్మాయి అదనంగా కట్టింది 12 లక్షలే, చివర్లో తేడా మాత్రం 90 లక్షలు. వయసు చేసే పని అది. ముప్ఫై ఏళ్లకి ఉద్యోగం మారుతూ, ఎలాగూ చేతికొచ్చింది కదా అని ప్రావిడెంట్ ఫండ్‌లోంచి అయిదు లక్షలు తీసి ఫ్లాటులో చెక్కపని చేయించామనుకోండి, అదే వడ్డీ లెక్కన యాభై ఎనిమిదో ఏటికి అది 43 లక్షలు కావలసిన డబ్బు. ఇక ధరలు ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లకి రెట్టింపు. ఈ రోజు నెలకి 40,000తో గడిచే ఇల్లు నలభై ఎనిమిదేళ్ల ఇల్లాలికి అరవై వచ్చేసరికి 80,000 అడుగుతుంది, డెబ్బై రెండు వచ్చేసరికి 1,60,000 అడుగుతుంది.

ఇందులో ఆడవాళ్లకే ఉన్న గండి ఒకటుంది. కాన్పుల కాలం. జీతంతో కూడిన ప్రసూతి సెలవు 26 వారాలు చేసింది 2017లో. అంతకుముందు పన్నెండు వారాలే. సైబర్ టవర్స్ తొలి తరం అమ్మాయిలు మూడు నెలల పసిగుడ్డుని వదిలి రాత్రి పదింటిదాకా ఆఫీసులో ఉండలేక ఎందరో ఉద్యోగాలు మానేశారు. అయిదారేళ్ల తర్వాత కొందరు మళ్లీ చేరారు, కొందరు చేరలేదు. ఆ అయిదేళ్లలో ఇంట్లో ఆయన అమెరికా వెళ్లొచ్చారు, మేనేజరయ్యారు. జ్వరమొచ్చిన పిల్లని భుజాన వేసుకుని తిరిగే మనిషి ఇంట్లో ఉండబట్టే కదా ఆయన విమానమెక్కగలిగారు! మరి ఆ ప్రమోషనులో ఆవిడ వాటా ఎంత? ఆ ఏళ్లలో భర్త తన జీతంలోంచి నెలనెలా భార్య పేరున ఇంత అని వేస్తే అది దయ కాదు, బాకీ తీర్చడం. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ 1968 నుంచీ ఉంది. దానికి ఉద్యోగం ఉండనక్కర లేదు, గృహిణి కూడా తన పేరున తెరవవచ్చు. నా ఉద్దేశంలో ఇది మొగుడూ పెళ్లాం కూర్చుని మాట్లాడుకోవలసిన మొదటి సంగతి. అడగడానికి మొహమాటపడే ఇల్లాలు ఆ మొహమాటాన్ని ముప్ఫై ఏళ్లు మోస్తుంది.

దాచుకోవడం ఒక ఎత్తు, దాచినది ఎవరికి చెందుతుందన్నది ఇంకో ఎత్తు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి మగపిల్లవాడితో సమాన హక్కు దేశానికంతా 2005లో వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం దానికి ఇరవై ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా చట్టం తెచ్చింది. మనకది గర్వకారణం. కానీ ఆడదాని సొంత సంపాదన సంగతిలో ఒక ముల్లు ఇంకా మిగిలే ఉంది. హిందూ స్త్రీ విల్లు రాయకుండా పోతే, పిల్లలూ భర్తా లేని పక్షంలో ఆవిడ కష్టార్జితం కన్నతల్లికి రాదు, ముందు భర్త తరఫు వారసులకి వెళుతుంది. 2009లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు ఉంది. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోతే అత్తవారు వెళ్లగొట్టిన మనిషి. పుట్టింట్లో చదువుకుని, ఉద్యోగం చేసి, బ్యాంకులో ఇంతా ప్రావిడెంట్ ఫండ్‌లో ఇంతా దాచి, విల్లు రాయకుండా కన్నుమూసింది. ఆ డబ్బు చట్టప్రకారం ఆవిణ్ణి గెంటేసిన అత్తింటివాళ్లకే చెందింది. సానుభూతి వేరు, చట్టం వేరు అని కోర్టువారు తేల్చారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టిన ఒక్క తెల్లకాగితం ఉంటే ఆ కథ వేరేలా ఉండేది. విల్లు రాయడం అపశకునమనుకునే అత్తయ్యలకీ, పిన్నులకీ ఈ సంగతి చెప్పండి.

ఇంతవరకూ జీతాలున్నవాళ్ల గురించే మాట్లాడాను. మిగిలేదేముందని దాచుకోవాలి అనేవాళ్ల సంగతేమిటి? ఆ ప్రశ్నకి జవాబు మన పల్లెటూళ్లే చెప్పాయి. నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లు 1990 దశకంలో రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ఊరూరా పొదుపు సంఘాలు పుట్టాయి. 2009లో అభయహస్తం పథకం వచ్చినప్పుడు ఆ సంఘాల ఆడవాళ్లు రోజుకో రూపాయి కడితే, ప్రభుత్వం ఇంకో రూపాయి వేసి, అరవై దాటాక కనీసం అయిదు వందల పింఛను ఇస్తామంది. ఆ పథకం ఆనాటి రూపంలో ఇప్పుడు లేదు. కానీ ముసలితనం గురించి ముందుగా ఆలోచించుకోవడం కూలి చేసుకునే ఆడదానికి కూడా చేతనైన పనేనని అది చూపించింది. అంత సంపాదిస్తున్న మనకి చేతకాదంటే ఎలా?

మరి మన ఇంట్లో పనిచేసే మనిషికి? పొద్దున్నే ఆరింటికి వచ్చి మనం ఆఫీసుకు వెళ్లేలోగా గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, పిల్లకి జడ కూడా వేసి పంపే ఆ మనిషి లేకపోతే సైబరాబాద్‌లో సగం ఆఫీసుల దీపాలు వెలగవు. ఆవిడ నడుం వంగిపోయాక ఏం తింటుంది? మన ముసలితనానికి మొగుడి జీతంలో వాటా అడిగిన న్యాయమే ఇక్కడా వర్తిస్తుంది కదూ. 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజనలో పద్దెనిమిది నుంచి నలభై ఏళ్లలోపు వాళ్లు చేరవచ్చు. ముప్ఫై ఏళ్ల మనిషి నెలకి 577 రూపాయలు కడితే అరవయ్యో ఏటి నుంచి నెలకి 5,000 వస్తుంది. అప్పటి ధరలకి అయిదువేలు ఏపాటి అంటారా? నిజమే. కానీ ఏమీ లేకపోవడం కన్నా అది ఎంతో నయం. ఆ 577 మనం కట్టవచ్చు. మనింట్లో ఒక ఆదివారం హోటలు భోజనం ఖర్చు కూడా కాదది.

ముసలితనంలో ఆడదానికి తిండీ మందులూ ఒక్కటే చాలవని నాకనిపిస్తుంది. ఇవ్వడానికి కూడా చేతిలో కొంచెం ఉండాలి. మనవరాలు వస్తే జాకెట్టు ముక్క పెట్టడానికి, గుడికెళితే హారతి పళ్లెంలో వెయ్యడానికి, పాత స్నేహితురాలి ఇంటికి ఆటోలో వెళ్లిరావడానికి ఎవరినీ అడగనక్కర లేకపోవాలి. మైత్రేయి ఆస్తి వద్దనగలిగింది, గొప్పే. ముందు ఇస్తామన్నవాళ్లు ఉండబట్టే వద్దనగలిగింది. వద్దనే అదృష్టమైనా మనకుండాలంటే, మన వాటా అంటూ ఒకటుండాలి కదా!

ఈ ఆదివారం భోజనాలయ్యాక బీరువాలోంచి కాగితాలన్నీ బయటికి తీయండి. ఫ్లాటువీ, బ్యాంకువీ, ఇన్సూరెన్సువీ, ప్రావిడెంట్ ఫండ్‌వీ అన్నీ. మీ పేరు ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టండి. నామినీ అని రాసినచోట కాదు, యజమాని అని రాసినచోట.